మ్యూజియం దాటి నాలుగడుగులు వేస్తే...

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్లకి నాగార్జునసాగర్ కొత్తేం కాదు. సెలవు రోజు పొద్దున్నే పులిహోర కట్టుకుని బయల్దేరితే సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. డ్యామ్ చూసి, లాంచీలో నాగార్జునకొండకెళ్లి, మ్యూజియంలో ఓ చుట్టు చుట్టి వెనుదిరుగుతారు చాలామంది. కానీ ఆ దీవి మీద చూడాల్సినవి మ్యూజియం బయట కూడా ఉన్నాయి!

నిజానికి అది పుట్టుకతో దీవి కాదు, కృష్ణాలోయలోని కొండ. సుమారు 1,700 ఏళ్ల కిందట దాని చుట్టూ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ ప్రాజెక్టుకి శంకుస్థాపన చేశారు. లోయంతా మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 వరకూ పెద్దఎత్తున తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని విడదీసి తెచ్చి కొండమీదా, ఒడ్డున ఉన్న అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. మిగతాదంతా నీళ్లపాలైంది.

ఇవీ చూడండి!

మహాచైత్యాన్ని కట్టించింది ఓ మహిళ... రాజు శాంతమూలుడి సోదరి శాంతిసిరి. బండిచక్రంలో ఆకుల్లా లోపల గోడలు కట్టడం దీని ప్రత్యేకత. ఒకప్పుడు నదీతీరంలో ఉన్న రాతి స్నానఘట్టం మెట్లు ఇప్పుడు కొండమీద కనిపిస్తాయి. ఇక్ష్వాకుల కంటే ముందటి బృహత్ శిలాయుగపు సమాధినీ, మధ్యయుగపు కోటగోడల్నీ కూడా చూడొచ్చు. సింహళం నుంచి వచ్చిన బౌద్ధ భిక్షువులకు ఈ లోయలో ప్రత్యేకంగా విహారం ఉండేదని శాసనాలు చెబుతున్నాయి.

అనుపులోని మెట్ల రంగస్థలాన్ని మాత్రం పిల్లలకి చూపించాల్సిందే. మధ్యలో నిలబడి మాట్లాడితే పైమెట్టు మీదున్న వాళ్లకీ వినిపిస్తుంది.

తిరుగు లాంచీ ఎప్పుడో దీవిలో దిగగానే అడిగి పెట్టుకోండి. టోపీ, మంచినీళ్లు తప్పనిసరి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. నీటిమట్టాన్ని బట్టి లాంచీలు నడుస్తాయి కాబట్టి ముందే కనుక్కోవడం మంచిది.

మన ఊరి పక్కనే...

ఇక్ష్వాకుల కాలం నాటి మరో బౌద్ధక్షేత్రం సూర్యాపేట జిల్లాలోనే ఉంది... నాగారం మండలం ఫణిగిరి. అక్కడికి లాంచీ అక్కర్లేదు, కొండెక్కితే చాలు. స్తూపం, చైత్యాలు, విహారాలు ఏవీ చోటు మారలేదు, కట్టినచోటే ఉన్నాయి. 2023లో ఇక్కడి శిల్పాలు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో కొలువుదీరాయి. 2024లో ఓ కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. అమెరికా వాళ్లు చూసి మెచ్చిన ఆ శిల్పాల ఊరిని మనలో ఎంతమంది చూశాం?

విజయపురిని కాపాడుకోవడానికి ఆరేళ్లే గడువు దొరికింది. ఫణిగిరికి ఆ తొందర లేదు. కానీ రాళ్లమీద పేర్లు చెక్కినా, దొరికిన ముక్కని ఇంటికి పట్టుకెళ్లినా జరిగే నష్టం చిన్నదేం కాదు. పొలం దున్నుతుంటే చెక్కిన రాయో, పాత కుండో కనిపిస్తే అధికారులకి చెప్పాలి. ఈసారి సెలవులకి సాగర్ వెళ్తే దీవి అంతా తిరగండి. మరో ఆదివారం ఫణిగిరికి కేటాయించండి. నీళ్లలో పోయిందేమిటో, మన చేతిలో మిగిలిందేమిటో పిల్లలకి అక్కడే అర్థమవుతుంది.