విండోస్, మ్యాక్, లైనక్స్ కలిసి ఉన్న ఆఫీసుకి ఏ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ బెటర్?

జహీరాబాద్‌లో నేను పనిచేసే చిన్న ఆఫీసులో బిల్లింగ్ విండోస్‌లో, డిజైన్ మ్యాక్‌బుక్‌లో, కోడింగ్ ఉబుంటులో నడుస్తాయి. మీ దగ్గరా ఇంతేనా? అయితే ఇది మీకోసమే.

చాలా ఆఫీసుల్లో బ్యాకప్ అంటే షేర్డ్ ఫోల్డర్‌లోకి కాపీ కొట్టడమే. అసలు రిస్క్ అక్కడే ఉంది. 2017 మేలో వచ్చిన వన్నాక్రై రాన్సమ్‌వేర్ గుర్తుందా? విండోస్ ఫైల్ షేరింగ్‌కి వాడే ఎస్‌ఎంబీలోని లోపం పట్టుకునే అది నెట్‌వర్క్ అంతా పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయి. మాల్వేర్ ఉన్న కంప్యూటర్‌కి ఏ ఫోల్డర్‌లో రాసే పర్మిషన్ ఉంటే ఆ ఫోల్డర్ లాక్ అయిపోతుంది. అందులో మ్యాక్ ఫైల్స్ ఉన్నా, లైనక్స్ ఫైల్స్ ఉన్నా దానికి ఒకటే.

అందుకే రెండు ఉచిత, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు వాడి చూశాను.

అర్‌బ్యాకప్: ఒక మెషిన్‌లో సర్వర్, మిగతా వాటిలో క్లయింట్ వేస్తే చాలు. సర్వరే వచ్చి ఫైల్స్ తీసుకెళ్తుంది కాబట్టి బ్యాకప్ డిస్క్‌ని ఎవరికీ షేర్ చేయక్కర్లేదు. స్టేటస్ అంతా బ్రౌజర్‌లోనే కనిపిస్తుంది. విండోస్‌కైతే డిస్క్ మొత్తం ఇమేజ్ తీస్తుంది, మ్యాక్‌కి మాత్రం ఫైల్స్ వరకే.

రెస్టిక్: అంతా కమాండ్ లైన్. మూడు సిస్టమ్‌లలోనూ అవే కమాండ్లు. డేటా మెషిన్ దాటకముందే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. దాని రెస్ట్ సర్వర్‌ని అపెండ్ ఓన్లీ మోడ్‌లో పెడితే క్లయింట్ పాత బ్యాకప్‌లని చెరపలేదు. కానీ పాస్‌వర్డ్ పోతే డేటా పోయినట్టే.

ఇక మన భాషతో వచ్చే తిప్పలు చూడండి. 'హైదరాబాద్' అని ఫోల్డర్ పేరు పెడితే అందులోని ఐత్వాన్ని మ్యాక్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ రెండు యూనికోడ్ గుర్తులుగా విడగొట్టి దాస్తుంది. విండోస్, లైనక్స్ అలా చేయవు. దాంతో సింక్ చేసినప్పుడు ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు కనిపించొచ్చు. కొత్త ఏపీఎఫ్‌ఎస్ పేరుని ఇచ్చినది ఇచ్చినట్టే ఉంచుతుంది. ఇంకోటి, లైనక్స్‌లో ఫైల్ పేరులో కోలన్ పెట్టొచ్చు, విండోస్ ఒప్పుకోదు. ఇలాంటివన్నీ బ్యాకప్ తీసేటప్పుడు కాదు, రీస్టోర్ చేసేటప్పుడే బయటపడతాయి.

నా రేటింగ్? ఆఫీసు స్టాఫ్ మొత్తానికి అర్‌బ్యాకప్. ల్యాప్‌టాప్‌లు సాయంత్రం ఇంటికి వెళ్లిపోతాయి కాబట్టి బ్యాకప్ టైమ్ పగలే పెట్టండి. డెవలపర్లకీ, ఆఫీసు బయట దాచే రెండో కాపీకీ రెస్టిక్. ఏది వాడినా నెలకోసారి ఏదో ఒక ఫోల్డర్‌ని వేరే సిస్టమ్‌లోకి రీస్టోర్ చేసి, ఫైల్స్ తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్.