మొద్దు తీయాలా? నీళ్లు పోయాలా?

హైదరాబాద్ శ్రీనగర్ కాలనీలో వేసవి ఈదురుగాలులు వీచిన మర్నాడు ఏ వీధిలోకి వెళ్లినా ఒకటే దృశ్యం. కాంపౌండ్ గోడ మీద ఒరిగిపోయిన తురాయి చెట్టు, తెగి వేలాడే కేబుల్ వైర్లు, రంపం చప్పుడు. మున్సిపల్ సిబ్బంది వచ్చి కొమ్మలు నరికి లారీకెత్తుతారు. సాయంత్రానికి దారి తెరుచుకుంటుంది. చెట్టు పోయిందంటాం. నిజానికి పోయింది పైకి కనిపించే భాగమే! మొద్దు అక్కడే ఉంటుంది. దాని వేళ్లూ అక్కడే ఉంటాయి.

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్‌ను ఆనుకుని ఉన్న ఈ ప్రాంతమంతా బండనేల. పైన మట్టి తక్కువ, అడుగున రాయి. వేళ్లు లోతుకు దిగలేక పక్కలకు పాకుతాయి. గోడ కిందికి, సంపు పక్కకు, మంచినీటి పైపు చుట్టూ చేరతాయి. అందుకే ఇక్కడ పెద్ద చెట్టు కూడా గాలికి తేలిగ్గా ఒరుగుతుంది, దాని మొద్దును తీయడం మాత్రం అంత తేలిక కాదు. సినిమా ఆఫీసులు, అపార్ట్‌మెంట్ల నడుమ మిగిలిన పాత ఇళ్లలో జానెడు తోట ఉంటుంది. అందులో ఎండిన మొద్దుంటే చెదలు పడతాయి. ఆ చెదలే తర్వాత ఇంటి తలుపుల దాకా వస్తాయి. కనుక చచ్చిన మొద్దును తీయడమే మంచిది.

ఈ పని తెలిసిన కూలీలు రాగానే గడ్డపార ఎత్తరు. ముందురోజు సాయంత్రమే మొద్దు చుట్టూ నీళ్లు నిలబెట్టి నేలను నానబెట్టిస్తారు. మొద్దును నేలమట్టానికి కోయనివ్వరు. రెండు మూడడుగులు ఉంటేనే ఊపడానికి పట్టు దొరుకుతుంది. తర్వాత చుట్టూ గాడి తవ్వి, వేళ్లకంటిన మట్టి కడిగి, ఒక్కొక్క వేరునూ విడివిడిగా నరుకుతారు. మట్టి మీద వేటు పడితే గొడ్డలి మొండిబారుతుంది మరి! వేళ్లన్నీ తెగాక గానీ మొద్దు కదలదు. అప్పుడు చైన్ కప్పీ తగిలించి లాగుతారు. జేసీబీ అయితే గంటలో పీకేస్తుంది గానీ ఈ ఇరుకు గేట్లలో అది దూరదు. మొద్దును పొట్టుగా చెక్కేసే యంత్రాలూ ఉన్నాయి. అవి నేలకు కాస్త దిగువ దాకా చెక్కుతాయి, వేళ్లు మాత్రం మట్టిలోనే ఉండిపోతాయి.

ఇంత ఓపిక లేనివారు అడ్డదారులు తొక్కుతారు. కొందరు కిరోసిన్ పోసి తగులబెడతారు. పైమంట ఆరినా వేరు లోలోపల రాజుకుంటూనే ఉంటుంది. మరికొందరు రాళ్ల ఉప్పు బస్తాలకు బస్తాలు కుమ్మరిస్తారు. అప్పుడు మొద్దుతోపాటు నేల కూడా చస్తుంది. ఆ చోట మరో మొక్క బతకడానికి చాలాకాలం పడుతుంది. కుటుంబాల్లో, సంఘాల్లో పాత గొడవలను మనం తేల్చుకునే తీరు కూడా ఇంతే కదా! పదిమందిలో కడిగేస్తే పోతుందనుకుని నిప్పు పెడతాం, మాటలు మానేస్తే పోతుందనుకుని ఉప్పు పోస్తాం. చేదైన వేరొకటి మొలిచి అనేకులను పాడుచేస్తుందని హెబ్రీ పత్రిక 12వ అధ్యాయం హెచ్చరిస్తుంది. ఆ రచయిత ఆకుల గురించి కాదు, వేరు గురించి మాట్లాడాడు. ఆకులు దూయడం క్షమాపణ కాదు.

అయితే ఇక్కడే ఆగి ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. ప్రతి మొద్దూ చచ్చినది కాదు! కొబ్బరిచెట్టు తల నరికితే ఇక అంతే, దానికి మొవ్వు ఒక్కటే. కానీ వేప, చింత, కానుగ వంటి చెట్లను మొదలంటా కొట్టినా మొద్దు పక్కనుంచి చిగుళ్లు వేస్తాయి. సుబాబుల్ రైతులు ఈ గుణాన్ని నమ్ముకునే ఒకసారి నాటి పలుమార్లు కోతకోస్తారు. బతికుందో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. బెరడును గోటితోనో చాకుతోనో కాస్త గీకి చూడాలి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణముంది. గోధుమరంగులో పొడిగా రాలితే లేదు.

బైబిలుకు ఈ రెండు రకాలూ తెలుసు. ఫలించని చెట్ల వేరున గొడ్డలి ఉంచబడి ఉందని బాప్తిస్మమిచ్చు యోహాను గద్దించాడు (మత్తయి 3). ఆ గొడ్డలిని మనం మెత్తబరచకూడదు. కానీ లూకా 13వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఉపమానం చూడండి. మూడేళ్లుగా కాయని అంజూరపు చెట్టును నరికేయమంటాడు యజమాని. తోటమాలి మాత్రం ఈ ఒక్క ఏడాదీ ఉండనివ్వమని, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానని బతిమాలుకుంటాడు. చుట్టూ తవ్వడం! మొద్దును పెళ్లగించడానికి కూలీలు చేసే మొదటి పనీ అదే, చెట్టును బతికించడానికి తోటమాలి చేసే మొదటి పనీ అదే. పార ఒక్కటే, ఉద్దేశమే వేరు. దేవుడు మన జీవితం చుట్టూ తవ్వుతున్నప్పుడు మనకు నొప్పిగానే ఉంటుంది. పెళ్లగించడానికేనని భయపడతాం. ఆయన ఎరువు వేయడానికే వచ్చాడేమో!

కొన్నేళ్ల కిందట ఈ కాలనీలోనే ఒక ఇంటి విషయంలో మమ్మల్ని పిలిచారు. తండ్రి కట్టిన ఇంటిని అన్నదమ్ములు చెరిసగం పంచుకున్నారు. హద్దు గోడ కోసం తల్లి నాటిన వేపచెట్టును అన్న కొట్టించాడు. తమ్ముడు ఆరోజు నుంచి మాట్లాడటం మానేశాడు. ఒకే సంఘంలో ఒకరు ముందు వరుసలో, మరొకరు వెనుక వరుసలో కూర్చునేవారు. ప్రభురాత్రి భోజనం దినాన ఆ ఇద్దరి మధ్య దూరం మందిరమంతటికీ తెలిసేది. మూడేళ్లకు మొద్దుకు చెదలు పట్టింది. తీయించాలంటే రెండిళ్లకూ వెళ్లే నీళ్ల పైపు ఆ వేళ్ల కిందే ఉంది. అది ఎటు తిరిగిందో తమ్ముడికే తెలుసు, వేయించింది అతనే! అన్న మా ద్వారా కబురు పెట్టాడు. తమ్ముడు వచ్చి, ముఖం చూడకుండానే, కూలీలకు సుద్దతో గీత గీసి చూపించాడు. సాయంత్రం మొద్దు లేచాక ఇద్దరూ ఆ గొయ్యి దగ్గరే చాలాసేపు నిలబడ్డారు. అమ్మ సంగతేదో అన్న ఎత్తాడు, తమ్ముడు సమాధానం చెప్పాడు. మేము లోపలికి వెళ్లిపోయాం. సమాధానం ఒక్కరోజులో కుదరలేదు, నెలలు పట్టింది. కానీ మొదలైంది.

ఆ ఇంట్లో మేము నేర్చుకున్నది ఒకటుంది. చచ్చిన మొద్దును, అంటే పాత పంతాన్ని, ఆ ఇద్దరూ మూడేళ్లు కాపలా కాశారు. బతికున్న మొద్దును, అంటే ఒకే తల్లి బిడ్డలమన్న బంధాన్ని, ఎండగట్టారు. మనలో చాలామంది చేసేదీ ఇదే. తీయాల్సిన మొద్దుకు నీళ్లు పోస్తాం, నీళ్లు పోయాల్సిన మొద్దును తవ్విపారేస్తాం.

రాజన్న సిరిసిల్ల జిల్లా సుద్దాల గ్రామంలో దాదాపు 70 ఏళ్ల మర్రిచెట్టు 2021 వానలకు వేళ్లతో సహా కూలిపోయి ఎండసాగింది. దాన్ని కట్టెలకు వదిలేయకుండా నీళ్లు పోసి కాపాడితే మళ్లీ చిగురు వేసింది. 2022లో దాన్ని క్రేన్లతో లేపి మరోచోట నాటారు. ఆ వార్త చదివినప్పుడు మాకు యోబు గుర్తొచ్చాడు. నరికిన చెట్టుకు నిరీక్షణ ఉందని, నీటి వాసన తగిలితే చాలు అది చిగురిస్తుందని 14వ అధ్యాయంలో ఆయన అంటాడు. చాలామంది దాన్ని ఆదరణ మాటగా చెబుతారు గానీ, యోబు ఆ మాట ఏడుస్తూ అన్నాడు. చెట్టుకున్న ఆశ మనిషికి లేదే అన్నది ఆయన బాధ!

ఆ ఏడుపుకు జవాబు యెషయా 11వ అధ్యాయంలో దొరుకుతుంది. యెష్షయి మొద్దు నుంచి చిగురు పుడుతుందని ప్రవక్త చెప్పాడు. దావీదు మొద్దు అనలేదు, గమనించండి. సింహాసనం, కిరీటం, రాజవంశపు గొప్ప అన్నీ తెగిపోయి, బేత్లెహేములో గొర్రెలు కాసుకున్న ఆ సామాన్యుడి ఇంటి పేరు మాత్రమే మిగిలినప్పుడు దేవుడు అక్కడ చిగురు చూశాడు. యూదా రాజ్యం క్రీస్తుపూర్వం 586లో కూలింది. మందసం, మందిరం, రాజు ఎవరూ ఏదీ మిగల్లేదు. శతాబ్దాల పాటు లోకం దాన్ని ఎండిన మొద్దనే అనుకుంది. ఆ మొద్దు నుంచే యేసుక్రీస్తు వచ్చాడు. ఆయన సమాధి నుంచి లేచినప్పుడు యోబు కన్నీటికి పూర్తి జవాబు దొరికింది.

మొద్దు తీసినవారికి చివరిగా ఒక మాట. గొయ్యిని ఆరోజే పూడ్చాలి. తొలకరికి ఆ మట్టి కుంగుతుంది, మళ్లీ నింపాలి. తర్వాత కాస్త పక్కగా కొత్త మొక్క నాటాలి. కొట్టిన చెట్టుకు బదులు చెట్టు నాటాలని 2002 నాటి వాల్టా చట్టం కూడా చెబుతోంది. ద్వేషాన్ని తీసేసి ఆ చోటు ఖాళీగా ఉంచితే చాలదు. అక్కడ పలకరింపు, ప్రార్థన, కలిసి చేసే భోజనం నాటాలి.

ఈ వారం మీ ఇంటి చుట్టూ, మీ మనసు చుట్టూ ఒకసారి చూడండి. చెదలు పట్టిన పంతముంటే తవ్వి తీసేయండి, ఆలస్యం వద్దు. కానీ దారి తప్పిన కొడుకు, మాటలు లేని తోబుట్టువు, మందిరానికి రావడం మానేసిన స్నేహితుడు ఉన్నారా? ఇక వాళ్లతో అయిపోయిందని గడ్డపార ఎత్తకముందు బెరడు గీకి చూడండి. కాస్తయినా పచ్చదనం కనిపిస్తే వెళ్లి నీళ్లు తెచ్చుకోండి.