ఫోనులో తెల్ల పేజీ

హోసూరు ప్రాంతంలోని మా తెలుగు బడికి వెబ్‌సైటు ఉంది. పోయిన ఏడు తెలుగు పాఠ్యపుస్తకాలకు పేర్లు ఇవ్వాల్సిన ఆఖరు తేదీని అందులోనే పెట్టాం. గడువు దాటిన మర్నాడు ఒక తల్లి వచ్చి తన ఫోను చూపించారు. ‘‘రెండు దినాలుగా చూస్తా ఉండాను సార్, తిరగతానే ఉంది, ఒక్క అక్షరమూ రాలేదు’’ అన్నారు. తెర నిండా తెలుపు, మధ్యలో తిరిగే చక్రం. మా ఆఫీసు కంప్యూటరులో అదే పేజీ చక్కగా కనిపిస్తోంది. ఆమెకు ఏం చెప్పాలో మాకు తోచలేదు.

కారణం తర్వాత తెలిసింది. మా సర్వరు ఖాళీ చట్రాన్నీ, దానితో పెద్ద జావాస్క్రిప్ట్ మూటనూ పంపుతోంది. ఆ మూట దిగాక ఫోను దాన్ని నడిపి, మళ్లీ సర్వరును అడిగి నోటీసు తెచ్చుకుని, పేజీని కట్టుకోవాలి. ఆకలితో వచ్చినవారికి బియ్యం, పప్పు, కట్టెలు ఇచ్చి వండుకోమన్నట్టు! పాత ఫోను ఉండి, సిగ్నలు సరిగా అందని చోట ఆ వంట పూర్తికాదు.

మా పూర్వ విద్యార్థి ఒకరు సెలవుల్లో సైటును గో భాషలో తిరగరాశారు. 2009లో గూగుల్ బయటపెట్టిన ఈ భాషలో రాసినదాన్ని ముందే కంపైల్ చేసి, సర్వరు నేరుగా నడిపే ఫైలుగా మారుస్తారు. దానికి తోడు ‘టెంప్ల్’ అనే పరికరం వాడారు. అందులో పేజీని భాగాలుగా రాసుకోవచ్చు: తలకట్టు, నోటీసు, సెలవుల పట్టిక. నోటీసు భాగానికి శీర్షిక, తరగతి, ఆఖరు తేదీ ఇవ్వాలని ఒకసారి రాసుకుంటే, మొదటి పేజీలోనూ తరగతి పేజీల్లోనూ అదే పనికొస్తుంది. రాసేవారు ఎక్కడైనా తేదీకి చోటు ఇవ్వడం మరిచిపోతే పని కంపైల్ దగ్గరే ఆగిపోతుంది. 12 బదులు 21 అని మేమే కొడితే మాత్రం ఏ కంపైలరూ పట్టుకోదు. అందుకే ఇప్పటికీ ఇద్దరం చదివాకే పెడుతున్నాం.

ఇప్పుడు భాగాలన్నీ సర్వరులోనే కూడి, పూర్తి హెచ్‌టీఎంఎల్ పేజీగా ఫోనుకు చేరుతున్నాయి. బరువైన అలంకార ఫాంటునూ తీసేశాం, ఫోనులో ఉన్న తెలుగు ఫాంటే చాలు. (మా డ్రాయింగు మాస్టారికి ఇంకా బాధే.) పేజీ రూపం మార్చాలంటే మళ్లీ కంపైల్ చేయాలి, అది మా వల్ల అయ్యే పని కాదు. నోటీసుల మాటలు డేటాబేసులో విడిగా ఉంటాయి కాబట్టి వాటిని మేమే పెట్టుకుంటున్నాం.

మీ బడి సైటునూ ఒకసారి పరీక్షించండి. ఫోనులో క్రోమ్ సెట్టింగులకు వెళ్లి, సైట్ సెట్టింగ్స్‌లో జావాస్క్రిప్ట్‌ను ఆపి తెరవండి. నోటీసు కనపడకపోతే, పేజీ సర్వరులో తయారవుతోందా ఫోనులోనా అని సైటు చేసినవారిని అడగండి.

ఆ తల్లి బిడ్డకు పై తరగతి పిల్లల పాత పుస్తకాలు సర్దాం. కొత్త పేజీని మొదట తెరిచి చూసింది ఆమె ఫోనులోనే.