వాక్చికిత్స పరిశోధనకు ధనసహాయము



మాట రాని బిడ్డకు చికిత్స చేయించుటకు సొమ్ము కావలయునని మీరందఱు నెఱుగుదురు. ఆ చికిత్స యే రీతిగా నుండిన మన పల్లెలలో ఫలించునో కనుగొనుటకు గూడ సొమ్ము కావలయును. ఈ రెండవ సొమ్మునే పరిశోధన ధనమందురు. దానిని ఎవరిచ్చెదరు, ఎవరికిచ్చెదరు, మన అనంతపురము మెట్టనేలకు అది యరుదుగా వచ్చుటకు కారణమేమి, వచ్చుటకు మీవంటి పెద్దలు చేయదగిన సాయమేమి అనునవి నేడు నేను విన్నవింపదలచిన సంగతులు. ఈ ప్రాంతమున వాక్చికిత్స నా వృత్తి గావున నాకీ విచారము తప్పనిది.

వాక్చికిత్స యనగా నేమో ముందు చెప్పవలయును. పుట్టుచెవుడు గల శిశువునకు వినికిడి యంత్రము తగిలించినంతనే మాటలు రావు. వినబడిన ధ్వనికి అర్థము గలదని దినదినము నేర్పవలయును. నత్తి గలవారికి, గ్రహణపుమొఱ్ఱి కుట్టించుకొనిన పిమ్మటను ముక్కుతో మాటలాడువారికి, పక్షవాతముచే మాట పడిపోయిన ముదుసలులకు, మ్రింగుట కష్టమైన రోగులకు గూడ ఈ విద్య యుపకరించును. ఇది మందులిచ్చు వైద్యమును గాదు, బడిచదువును గాదు. రెంటికిని నడుమ నున్నది. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టము ననుసరించి మండలివారి పట్టికలో పేరు నమోదైనవారే దీనిని చేయవలెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధములగు వైకల్యములను పేర్కొనినది. వానిలో వినికిడి లోపమును, వాక్కు భాషల లోపమును వేర్వేరుగా నున్నవి.

ఇంత శాస్త్రముండగా మరల పరిశోధన యేల యని మీరడుగవచ్చును. ఒక చిన్న యుదాహరణము వినుడు. బిడ్డకెన్ని మాటలు వచ్చునో తెలియుటకు బొమ్మలు చూపి పేర్లడుగుట మా పద్ధతి. కోస్తా మాటలతో కూర్చిన పట్టిక యొకటి నాచేతి కిచ్చినారనుకొనుడు. ఉరవకొండ ప్రక్క పల్లెలోని యైదేండ్ల బాలునకు గేదె బొమ్మ చూపితిని. వాడు ‘ఎనుము’ అనెను. ఉల్లిపాయ చూపితిని, ‘ఎఱ్ఱగడ్డ’ అనెను. బంగాళాదుంపను ‘ఉర్లగడ్డ’ అనెను. పడవ బొమ్మ చూపగా మిన్నకుండెను. చెఱువు నిండుట యరుదైన సీమలో బిడ్డకు పడవ యెట్లు తెలియును? కాగితము ప్రకారము నాలుగును తప్పులే. లోపము బిడ్డది గాదు, కాగితముది.

దీనికి మాఱుగా నింకొక చిక్కు కలదు. సన్నని ధ్వనులు వినబడని బిడ్డ ‘సంగటి’ యనవలసినచోట మొదటి ధ్వనిని మ్రింగి పలుకును. ‘మా యూరి మాట యంతే, వాని మేనమామకును ఆలస్యముగానే మాటలు వచ్చెను’ అని యింటివారు సరిపెట్టుకొందురు. నాలుకపై వస రాయుదురు. వస రాయుట తాతలనాటి మురిపెము, నేను దానిని పరిహసింపను. కాని అది మూసికొనిన చెవిని తెఱవజాలదు. పుట్టిన నెలలోపల చెవి పరీక్షయు, మూడు నెలలలోపల నిర్ధారణయు, ఆఱు నెలలలోపల చికిత్సారంభమును జరుగవలయునని లోకమంతట వైద్యులు చెప్పుచున్నారు. మాట నేర్చుటకు మెదడు మిక్కిలి అనువుగా నుండునది తొలి సంవత్సరములే గాన, మేనమామను చూచి యాగిన కాలము మరల రాదు.

కాబట్టి ఈ సీమలో ఆరోగ్యముగ నున్న బిడ్డ యే యేట ఏ ధ్వనిని పలుకును, ఏ యేట ఎన్ని మాటలు కూర్చును అను కొలత యొకటి కావలెను. తెలుగులోనికి మార్చిన పరీక్షలు కొన్ని యున్నవి, కాని కొలత అన్ని సీమలకును ఒక్కటి గాదు. మడకశిర, రాయదుర్గము వైపు కన్నడము, కదిరి, హిందూపురములలో ఉర్దూ తెలుగుతో కలసి యింట మెలగుచుండును. వందలకొలది బిడ్డల మాటలు శబ్దగ్రహణ యంత్రమున నెక్కించి, ఇద్దఱు వేర్వేరుగా విని వ్రాసి, ఆ వ్రాతలు సరిపోవునా యని పోల్చవలయును. యంత్రపు ఖరీదు స్వల్పమే. మనుష్యుల కాలమునకే వ్యయమెక్కువ.

రెండవ ప్రశ్న యింతకంటె గట్టిది. వారమున కొకమాఱు చికిత్సకు రమ్మని గ్రంథములు చెప్పును. కళ్యాణదుర్గము చుట్టుపట్ల పల్లెనుండి అనంతపురమునకు వచ్చి పోవుటకు తల్లికి ఒక దినపు కూలి పోవును, బస్సు ఖర్చు పైన. ఏటికి ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వాన గల జిల్లా మనది. అదియు తప్పి శెనక్కాయ పంట యెండిన యేట కుటుంబములు బెంగుళూరికి పనులకు వలస పోవును. బిడ్డయు పోవును, చికిత్సయు నిలుచును. నెలకొక్కమాఱు తల్లికి నేర్పి, ఆమె యింట దినమున కరగంట చేసిన చాలునా? వలసపోయినచోట ఫోనులో చెప్పిన ఫలించునా? ఢిల్లీలో కూర్చుండి యెవరును దీనికి జవాబు చెప్పజాలరు.

ఇక ధనము మాట. మన దేశమున వైద్య పరిశోధనకు సొమ్మిచ్చు పెద్ద సంస్థ 1911లో ‘ఇండియన్ రీసెర్చి ఫండ్ అసోసియేషన్’ అను పేర పుట్టెను. 1949లో దానికే భారత వైద్య పరిశోధన మండలి యని పేరు మాఱెను. భాషను, సమాజమును గూర్చిన ప్రశ్నలకు 1969లో ఏర్పడిన భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి కలదు. మనస్సు, భాష, మెదడు అను వాని పరిశోధనకై కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖవారు 2008లో ప్రత్యేక పథకము పెట్టిరి. 2023 నాటి చట్టముచే అనుసంధాన్ జాతీయ పరిశోధన ప్రతిష్ఠానము వచ్చినది. మా విద్యకే ప్రత్యేకముగా మైసూరులో 1965లో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ స్థాపితమైనది. అందు అధ్యాపకుల పరిశోధనకు సొంత నిధియు, పరిశోధక విద్యార్థులకు వేతనమును గలవు. మైసూరు మనకు దూరము గాదు. మన పిల్లలలో ఎవరైన ఈ విద్య చదువగోరినచో మొదట తలచుకొనవలసిన చోటు అదియే.

ఇన్ని ద్వారములుండగా మనవంటివారికి తెఱచుకొనవేమి? పరిశోధన ధనము మనిషికి రాదు, సంస్థకు వచ్చును. వైద్య పరిశోధన మండలివారు కళాశాల, విశ్వవిద్యాలయము, ప్రభుత్వ సంస్థ మొదలగు వానిలో స్థిరోద్యోగము గలవారి యర్జీలనే స్వీకరింతురు. స్వచ్ఛంద సంస్థయైనచో దానికి కేంద్ర శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన శాఖవారి గుర్తింపు ఉండవలెను. నేనొకప్పుడు ఒక సంస్థకు అర్జీ పంపితిని. ప్రశ్న బాగున్నదని వ్రాసిరి. కాని లెక్కలకు పూచీపడు సంస్థ పేరు చూపమని త్రిప్పి పంపిరి. ఆనాడు నాకు కోపము వచ్చెను. కాని వారి నియమమున న్యాయము లేకపోలేదు. ప్రజాధనమునకు లెక్క చెప్పువాడొకడు, బిడ్డలకు హాని కలుగకుండ చూచు నైతిక సమితి యొకటి యుండవలయును గదా. అన్యాయమెక్కడ ననగా, అట్టి సంస్థలు నగరములలో పెక్కులు, కఱవు సీమలో కొలదిగా నుండుటలో.

కొలదిగా నున్నను, లేకపోలేదు. అనంతపురమున 2000లో ప్రభుత్వ వైద్య కళాశాల యారంభమైనది. 1981 నుండి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము, 2018 నుండి కేంద్రీయ విశ్వవిద్యాలయము నున్నవి. ఒంటరి వాక్చికిత్సకుడు అచ్చటి చెవి వైద్యునితోనో భాషాధ్యాపకునితోనో జతకూడి, వారిని ముఖ్య పరిశోధకులుగ నుంచి, తాను సహపరిశోధకుడుగ నుండవలెను. పేరు రెండవదైనను పని మొదటిదే. గౌరవమును గూర్చి పట్టుపట్టువారు ఈ మార్గమున నెగ్గలేరు. బీదల కొఱకు విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో అనంతపురమునకు వచ్చి నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ వినికిడి లేని పిల్లలకు పాఠశాలలు నడపినది. అట్టి పాఠశాలల అనుభవమును ప్రశ్నలు కూర్చునపుడు విడువరాదు.

కంపెనీల సొమ్మును గూర్చి ఒక మాట. 2013 నాటి కంపెనీల చట్టము పెద్ద కంపెనీలు గత మూడేండ్ల సగటు లాభమున నూటికి 2 వంతులు సమాజకార్యములకు వెచ్చింపవలెనని విధించినది. పెనుకొండ వద్ద 2019 నుండి కార్ల కర్మాగారము నడచుచుండుటచే మనవారు కొందఱు ఆ వైపు ఆశగా చూచుచున్నారు. ఆశ తప్పు గాదు. అయినను ఇట్టి సొమ్ము సాధారణముగా కంటికి కనబడు వస్తువులకు, యంత్రములకు, కట్టడములకు త్వరగా వచ్చును. మూడేండ్లు బిడ్డల మాటలు వినుటకు త్వరగా రాదు. పరదేశపు సొమ్మునకు 2010 నాటి చట్టపు అనుమతి కావలెను. 2020 సవరణ తరువాత ఒక సంస్థ తాను పొందిన పరదేశ ధనమును వేఱొక సంస్థకు పంచి యిచ్చుటకు వీలులేదు.

ధనమిచ్చువారు అర్జీలో మొదట వెదకునది ‘మీయొద్ద ఇదివఱకే యేమున్నది?’ అనుట. దీనికి తెలుగునాటి యుదాహరణమే చెప్పెదను. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు అల్లాడి సువర్ణగారును వారి సహచరులును 2006 నుండి 2012 వఱకు తమయొద్దకు వచ్చిన మతిమఱపు రోగులను గూర్చి శ్రద్ధగా వ్రాసియుంచిరి. 648 మంది. వారిలో 391 మంది రెండు గాని అంతకు మించి గాని భాషలు మాటలాడువారు. వీరికి రోగము ఒకే భాష గలవారికంటె సగటున నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా వచ్చెనని, చదువురానివారిలో గూడ ఈ భేదము కనబడెనని 2013లో ప్రకటించిరి. పైన చెప్పిన శాస్త్ర సాంకేతిక శాఖ పథకమే దీనికి సాయపడినది. భాషలే కారణమా, వేఱొకటి తోడైనదా యని పండితులలో వాదము తీఱలేదు. అది వేఱు సంగతి. సువర్ణగారు నరముల వైద్యులు, మా వృత్తివారు గారు. నేను చూపదలచినది ఇది: కొత్త భవనము గాదు, అపురూపమైన యంత్రము గాదు, ఏండ్ల తరబడి తప్పక వ్రాసిన రిజిష్టరు ఆ పనికి పునాది. కన్నడమును తెలుగును కలిపి మాటలాడు మన సరిహద్దు పల్లెలలో అట్టి రిజిష్టరునకు విలువ యెంతయో మీరే యూహింపుడు. రెండు భాషలు వినుటచే బిడ్డకు మాట లాలస్యమగునను భయము మాత్రము నిరాధారము.

ఇచ్చట మీ పని వచ్చుచున్నది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమమున అంగనవాడికి, బడికి వైద్యబృందములు వచ్చి పిల్లలను పరీక్షించును. చూడవలసినవానిలో పుట్టుచెవుడు, గ్రహణపుమొఱ్ఱి, మాట యాలస్యము గలవు. ఆ బృందము వచ్చుదినమున పొలమునకు పోయిన తల్లులను పిలిపించుట పెద్దరికము గలవారికే సాధ్యము.

పరిశోధకుడు మీ యూరికి వచ్చినచో మీ యనుమతి నడుగును, అడుగుట మర్యాద. కాని మీ యనుమతి తల్లిదండ్రుల సమ్మతికి బదులు గాదు. వైద్య పరిశోధన మండలివారి 2017 నాటి నియమములు దీనిని స్పష్టముగ జెప్పినవి. సర్పంచి ఒప్పుకొనినాడు గదా యని యే తల్లి చేతను వ్రేలిముద్ర వేయింపరాదు. చదువురాని తల్లికి కాగితమంతయు ఆమె భాషలో చదివి చెప్పవలెను. పరిశోధనతో సంబంధము లేని చదువరి యొకడు సాక్షిగా సంతకము చేయవలెను. ఏడేండ్లు దాటిన బిడ్డను గూడ నీకిష్టమేనా యని యడుగవలెను. నడుమ మానుకొన్నను చికిత్స యాగరాదు. ఆ సాక్షి స్థానమున మీరు కూర్చుండునపుడు ‘చెప్పినదంతయు ఆమెకు తెలిసినదా?’ యని తిరిగి యడుగుడు. ఆ ప్రశ్నకు విసుగుకొను పరిశోధకుని సాగనంపుడు. బస్సు ఖర్చును, పోయిన కూలియు ఇచ్చుటకు ఆ నియమములే యొప్పుకొనుచున్నవి. ఆశపెట్టి లాగునంత సొమ్ము మాత్రమీయరాదు. నేను వ్రాయు ప్రతి యర్జీలోను కూలి పద్దు నొక వరుసగా వేయుచున్నాను. అది కొట్టివేయబడినచో పల్లెబిడ్డలు నడుమనే రాలిపోయి పట్టణపు బిడ్డలే లెక్కకు మిగులుదురు.

ఈలోగా మీ అంగనవాడి కార్యకర్తతో గూడి యొక పని చేయింపుడు. మాట యాలస్యమైన ప్రతి బిడ్డకును మూడు తేదీలు వ్రాయింపుడు: పుట్టిన నెల, తల్లికి మొదటి యనుమానము గలిగిన నెల, చెవి మొదట పరీక్షింపబడిన నెల. అది నలుగురు చదువునట్లు గోడకు తగిలింపరాదు. కార్యకర్త పెట్టెలో నుండవలెను. తల్లి యొప్పుకొనినచో రెండవ తేదీకి మూడవ తేదీకి నడుమ నెన్ని నెలలు గడచెనో ఆ లెక్కయే రేపటి యర్జీకి మొదటి పుట యగును. మూడవ గడి ఖాళీగా నున్న బిడ్డను మాత్రము అర్జీ కొఱకు ఆపకుడు. ఈ వారమే అనంతపురము సర్వజన వైద్యశాలలో చెవి వైద్యునికి చూపింపుడు.