వార్తల్లో పదం: రిటైనర్

ఫార్ములా వన్ డ్రైవర్ల ఒప్పందాల వార్తల్లో తరచూ కనిపించే మాట ఇది. గెలిచినా ఓడినా జట్టు ఏడాదికి ఇచ్చే స్థిర మొత్తమే రిటైనర్. పాయింట్లకు, విజయాలకు ఇచ్చే బోనస్ దీనికి అదనం.

1950, 60 దశకాల్లో లెక్క వేరు. పోటీ నిర్వాహకులే ‘స్టార్ట్ మనీ’ ఇచ్చేవారు. ఏ రేసుకు ఆ రేసు బేరం. పేరున్నవారికి ఎక్కువ, కొత్తవారికి అంతంతమాత్రం. గెలిస్తే ప్రైజ్ మనీలో వాటా. టైర్ల, ఇంధన కంపెనీల సొమ్ము విడిగా వచ్చేది. 1968లో లోటస్ కార్లు సిగరెట్ కంపెనీ రంగులు వేసుకున్నాక స్పాన్సర్ల డబ్బు పారింది, రిటైనర్లు పెరిగాయి. అయినా కొత్తవారి కష్టాలు తీరలేదు. నికీ లౌడా అప్పు చేసి, జీవిత బీమాను తాకట్టు పెట్టి సీటు కొనుక్కున్నాడు. తర్వాత మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయ్యాడు!

1988 సీజన్‌కు మెక్‌లారెన్‌లో చేరేముందు అయర్టన్ సెన్నాకూ జట్టు అధిపతి రాన్ డెన్నిస్‌కూ 5 లక్షల డాలర్ల తేడా దగ్గర బేరం ఆగిపోయింది. నాణెం ఎగరేశారు. సెన్నా ఓడాడు. ఒప్పందం మూడేళ్లది కావడంతో అతనికి పోయింది 15 లక్షలు.

బోనస్ కూడా తక్కువది కాదు. 2013లో కిమీ రైకొనెన్ వరుసగా పాయింట్లు సాధిస్తుంటే లోటస్ జట్టు అతని బాకీ చెల్లించలేకపోయింది.

2021లో జట్ల ఖర్చుకు పరిమితి వచ్చింది. డ్రైవర్ల జీతాలు మాత్రం అందులోకి రావు.