పన్నెండో ఆటగాడు – ఆల్‌రౌండర్ స్థానం

టీ20 క్రికెట్‌లో ఒక బౌలర్ నాలుగు ఓవర్లకు మించి వేయరాదు. అంటే ఇరవై ఓవర్లకు కనీసం ఐదుగురు బౌలర్లు కావాలి. వికెట్ కీపర్‌తో కలిపి ఏడుగురు బ్యాటర్లు కూడా కావాలంటే మొత్తం పన్నెండు మంది. జట్టులో స్థానాలు పదకొండే. ఆ ఒక్క కొరత తీర్చేవాడే ఆల్‌రౌండర్. మన ఆస్పరి, ఆదోని వైపు ఊళ్లలో కూడా బంతీ బ్యాటూ రెండూ పట్టగల కుర్రాడినే జట్టులోకి ముందు పిలవడం ఇందుకే.

ఐపీఎల్‌లో 2023లో ప్రవేశపెట్టిన ‘ఇంపాక్ట్ ప్లేయర్’ నియమం ఈ లెక్కను మార్చింది. ఆట మధ్యలో ఒకరిని పూర్తిగా తప్పించి మరొకరిని దించవచ్చు. ఆ ఏడాది మార్చి 31న అహ్మదాబాద్‌లో జరిగిన మొదటి మ్యాచ్‌లోనే, తమ బ్యాటింగ్ ముగిశాక చెన్నై జట్టు మన అంబటి రాయుడిని తప్పించి బౌలర్ తుషార్ దేశ్‌పాండేను దించింది. పన్నెండో స్థానం దొరికింది.

దీనిని అమెరికా బేస్‌బాల్‌తో పోల్చి చూడండి. బంతి విసిరే పిచర్‌కు బదులుగా బ్యాటింగ్ మాత్రమే చేసే ‘డెజిగ్నేటెడ్ హిట్టర్’ను అమెరికన్ లీగ్ 1973లో అనుమతించింది. నేషనల్ లీగ్ చాలాకాలం ఒప్పుకోలేదు. పిచర్ వంతు వచ్చినప్పుడు అతణ్ణి ఉంచాలా, మార్చాలా అన్న మీమాంసే ఆటకు రుచి అని అక్కడి అభిమానుల వాదన. చివరకు 2022లో నియమం రెండు లీగ్‌లకూ శాశ్వతమైంది. పిచర్లలో అత్యధికులు బ్యాటింగ్‌లో బలహీనులు కనుక అక్కడ నష్టం స్వల్పమే అని నా అభిప్రాయం. అయినా రెండు పనులూ చేసే షోహే ఒహ్తాని కోసం అదే ఏడాది సవరణ చేయవలసి వచ్చింది. పిచింగ్ నుంచి తప్పుకున్నాక కూడా అతడు హిట్టర్‌గా కొనసాగవచ్చు.

క్రికెట్‌లో ఒహ్తాని వంటివారు అరుదు కాదు. ఆల్‌రౌండర్ అన్నది ఒక వృత్తి. అందుకే ఇక్కడ నష్టం ఎక్కువ. వాషింగ్టన్ సుందర్, శివమ్ దూబే వంటివారికి బౌలింగ్ అవకాశం రావడం లేదని రోహిత్ శర్మ 2024లో బహిరంగంగానే అన్నాడు. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఈ నియమం ఉండగానే ఎదిగాడు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కానీ అతనంతటి బ్యాటర్ కాని, కొంత బౌలింగ్, కొంత బ్యాటింగ్ చేయగల కుర్రాడి సంగతేమిటి? దేశవాళీ సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీ నుంచి బోర్డు 2024లో ఈ నియమాన్ని తొలగించింది. ఐపీఎల్‌లో మాత్రం 2027 వరకు ఉంచాలని నిర్ణయించింది.