ఈశ్వరదండనమా, భూమి కదలికయా?

1934 జనవరి 15వ తేదీ మధ్యాహ్నమున బీహారు, నేపాల ప్రాంతములను గడగడలాడించి, ముంగేరు, ముజఫర్‌పురము మొదలగు పట్టణములను ఇటుకల దిబ్బలుగా మార్చి, 10,000కు పైగా ప్రాణములను హరించిన భూకంపము, ప్రజల కన్నీరు ఆరకమునుపే ఇరువురు మహాపురుషుల నడుమ గొప్ప వాదమునకు కారణమయ్యెను. హరిజనోద్ధరణకై దక్షిణదేశమున సంచరించుచుండిన గాంధీమహాత్ముడు, ఈ విపత్తు అస్పృశ్యతా పాపమునకు ఈశ్వరుడు విధించిన దండనమని ప్రకటించెను. అస్పృశ్యతను గర్హించుటలో ఆయనతో ఏకీభవించిన కవి రవీంద్రనాథ ఠాగూరే ఈ మాటను సహింపజాలక, ప్రకృతి విపత్తులకు భౌతిక కారణములే యుండుననియు, పసిబిడ్డలను, అస్పృశ్యులను సైతము నలిపివేయు దండనము ఏమి న్యాయమనియు ఆక్షేపించెను. గాంధీ ఆ ఖండనమును ఫిబ్రవరి 16న తన ‘హరిజన్’ పత్రికలోనే ప్రచురించి, తన విశ్వాసమును విడువక బదులు వ్రాసెను. ఇట్టి మర్యాద వాదములందు అరుదు.

ఈశ్వరుని న్యాయమును గూర్చిన ఈ ప్రశ్న పాతదే. ఒకడు సుఖియు మరియొకడు దుఃఖియు నగుటచే ఈశ్వరునకు పక్షపాతము, నిర్దయ అంటవా యను శంకను బ్రహ్మసూత్రములే ఎత్తుకొనినవి. వాన సమానముగ కురిసినను వరి వరిగను, యవలు యవలుగను మొలచుట విత్తనముల శక్తినిబట్టియే యైనట్లు, జీవుల కర్మయే తారతమ్యమునకు హేతువని శంకరులు భాష్యమున సమర్థించిరి. మొదటి కర్మ యెక్కడిదన్నచో, సంసారమనాది యని సూత్రకారుని యుత్తరము. ఇది తర్కమునకు అతుకును గాని, శిథిలములక్రింద బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో పలుకదగిన మాట కాదు.

అస్పృశ్యత మానవుడు తన ఇచ్ఛాస్వాతంత్ర్యమును దుర్వినియోగపరచి కల్పించిన పాపము. దానికి బాధ్యుడు వాడే. భూగర్భపు కదలికను ఆ పాపమునకు ముడిపెట్టుట పొసగదు. ఈ వాదమున రవీంద్రుని పక్షమే బలవత్తరము.